వంకర దూలం వర్ధిల్లుగాక

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఒక విచిత్రమైన వ్యాధి ప్రబలుతున్నది. పాతికేళ్ళ పాటు ఏ ఇబ్బందీ పెట్టని ముక్కు దూలం, ఇంట్లో సంబంధాలు చూడడం మొదలుపెట్టిన నెలలోనే వంకర తిరుగుతుంది. ముక్కు తీరుగా ఉన్నవారి జోలికి ఈ వ్యాధి పోదు. పక్క నుంచి తీసిన ఫోటోలో ముక్కు మీద చిన్న మూపురం కనిపించేవారినీ, ముక్కు కొన కాస్త బరువుగా కిందికి వాలినవారినీ ఏరి ఏరి పట్టుకుంటుంది. మారతహళ్ళి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఏ అపార్ట్‌మెంటులో విచారించినా, ముక్కు ఆపరేషన్ చేయించుకున్న మనవాళ్ళందరూ ఊపిరి కోసమే చేయించుకున్నారు. అందం కోసం చేయించుకున్న తెలుగు మనిషి ఒక్కరు కూడా ఈ నగరంలో నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఇందులో పరిహసించవలసినదేమీ లేదు. ముక్కు మీద పద్యం చెప్పి ముక్కునే ఇంటిపేరుగా సంపాదించుకున్న కవి పుట్టిన జాతి మనది. పెళ్ళిచూపులలో కోటేరు వేసినట్లుందని అనిపించుకోవాలన్న కోరిక మనకు ఉండడం న్యాయమే. అయితే మన ఇళ్ళలో అందం దేవుడు ఇవ్వవలసినదే గాని ఆసుపత్రిలో కొనుక్కోవలసినది కాదు. పళ్ళకు తీగలు కట్టించుకోవచ్చు, కళ్ళద్దాలను లేజర్‌తో వదిలించుకోవచ్చు, బట్టతల మీద జుట్టు నాటించుకోవచ్చు. ముక్కు మాత్రం తాతగారిది, దానిని తాకితే వంశమంతా నొచ్చుకుంటుంది. ఈ ధర్మసంకటం నుంచి మనలను గట్టెక్కించినది దూలమే.

దూలమంటే రెండు నాసికా రంధ్రాల నడుమ ఉండే గోడ. దాని ముందు భాగం మృదులాస్థి, వెనుక భాగం ఎముక. నిట్టనిలువుగా ఉండే దూలం మనుషులలో అరుదు. ఎంతో కొంత ఒక పక్కకు ఒరిగి ఉండడమే మామూలు, ఆ ఒరుగుదల ఊపిరికి అడ్డం రానంతవరకు దానికి వైద్యమే అక్కరలేదు. అంటే, దూలం ఎడమకు ఒరిగి ఉన్నదని స్కానింగ్ కాగితం మీద రాయించుకోవడానికి దాదాపు ప్రతి పౌరుడికీ అర్హత ఉన్నట్లే. కులంతోనూ, ఆదాయంతోనూ, రేషన్ కార్డుతోనూ నిమిత్తం లేకుండా దొరికే ధ్రువపత్రం ఈ దేశంలో ఇదొక్కటే కావచ్చు.

ఆ కాగితం చేతికి రాగానే నెల్లూరికి ఫోన్ వెళుతుంది. "ఊపిరి ఆడడం లేదంట వదినా, డాక్టరే చెయ్యాలన్నాడు." అటువైపు వదినగారు లోకం చూసిన మనిషి. "ఊపిరి కోసం చేస్తే ముక్కు సన్నబడుద్దా వదినా?" "లోపల వంకర తీస్తే పైన అదే సర్దుకుంటుందంట." శస్త్రచికిత్సా శాస్త్రం ఈ సిద్ధాంతాన్ని అంగీకరించదు. దూలాన్ని మాత్రమే సరిచేసే సెప్టోప్లాస్టీలో పని అంతా రంధ్రాల లోపలే జరిగిపోతుంది, బయటి రూపు సాధారణంగా మారదు. మూపురం తరగాలన్నా, కొన ఎత్తాలన్నా రైనోప్లాస్టీ చేయవలసిందే. రెండింటినీ ఒకే మత్తులో కలిపి చేసే పద్ధతి కూడా ఉన్నది, దానిని సెప్టోరైనోప్లాస్టీ అంటారు. మన వదినలు నిత్యం మాట్లాడుకునేది దీని గురించే, కాకపోతే ఆ పేరులో రెండవ సగం ఫోన్‌లో వినిపించదు.

పూర్వులు ఇంత ఇరుకున పడలేదు. తెగిన ముక్కును ఆకుతో కొలిచి, ఆ కొలతకు చెంప నుంచి చర్మం తీసి అతికే విధానం చెప్పిన సుశ్రుతుడు, కొత్త ముక్కులో రెండు గొట్టాలు ఉంచాలని కూడా చెప్పాడు. రూపుతో పాటు ఊపిరి కూడా నిలవాలన్నది ఆయన లెక్క. మన ఊరికి దగ్గరి కథ మరొకటి ఉన్నది. 1791లో కార్న్‌వాలిస్ బెంగళూరు కోటను పట్టుకున్న మైసూరు యుద్ధంలోనే, ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లబండి తోలిన కవాస్జీ అనే మరాఠా మనిషి టిప్పు మనుషులకు చిక్కి ముక్కునూ ఒక చేతినీ పోగొట్టుకున్నాడు. ఏడాది తరువాత పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వైద్యుడు అతని నుదుటి చర్మంతో కొత్త ముక్కు చేసి పెట్టాడు. ఆ సంగతి 1794లో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజీన్‌లో అచ్చయింది; అది చదివి, శవాల మీద సాధన చేసి, కార్ప్యూ అనే సర్జన్ 1814లో అక్కడ అదే పని చేశాడు. ఇది అందం కోసమా, ఊపిరి కోసమా అని కవాస్జీని ఎవరూ అడిగినట్లు లేదు. అప్పటికి జీఎస్టీ లేదు.

ఇప్పుడు ఉన్నది. పుట్టుకతో వచ్చిన లోపాన్నో, గాయాన్నో సరిచేసే ప్లాస్టిక్ సర్జరీకి పన్ను మినహాయింపు ఉన్నది. కేవలం అందానికి చేస్తే పన్ను కట్టాలి. బీమా వారు మరింత తాత్త్వికులు: అందం అనే పదం వినగానే ఫైలు మూసేస్తారు, దూలమంటే మాత్రం పాలసీ తీసుకుని రెండేళ్ళు నిండాయా అని మర్యాదగా ఆరా తీస్తారు. దానితో ఒకే ముక్కుకు, ఒకే టేబుల్ మీద, ఒకే కత్తితో జరిగిన పనిని బిల్లులో రెండుగా విడగొట్టవలసి వస్తుంది. ఏ మిల్లీమీటరు దగ్గర ఊపిరి ముగిసి అందం మొదలవుతుందో నిర్ణయించే భారాన్ని వేదాంతులు ఏనాడో వదిలేశారు. ఇప్పుడది బిల్లింగ్ కౌంటర్‌లోని అమ్మాయి మీద పడింది.

ఈ సందడిలో నిజంగా ఊపిరి ఆడనివారి సంగతి ఎవరికీ పట్టదు. పార్థీనియం కలుపు మొక్కల పుప్పొడీ, మెట్రో తవ్వకాల దుమ్మూ కలిసిన ఈ ఊరి గాలిలో, రాత్రంతా నోటితో ఊపిరి తీసుకుని పొద్దున ఎండిన గొంతుతో ఆఫీసుకు పోయే కుర్రవాళ్ళు పీజీ హాస్టళ్ళలో కావలసినంతమంది ఉన్నారు. వీరి ముక్కులు చూడడానికి బాగుంటాయి, అదే వీరి దురదృష్టం. పసుపు వేసి ఆవిరి పట్టమంటుంది అమ్మ. దిండు మార్చమంటాడు బాబాయి. బంగారం లాంటి ముక్కుకు కత్తి ఎందుకురా అంటారు అందరూ. ఊపిరి కోసమే ఊపిరి కావాలనేవాడిని మన సమాజం నమ్మడం కష్టం.

అందానికి వెళ్ళి ఊపిరి పోగొట్టుకునేవారూ ఉన్నారు. మూపురం తరిగి, ఎముకలను దగ్గరకు జరిపి ముక్కును మరీ సన్నం చేస్తే లోపలి దారి ఇరుకై, గట్టిగా గాలి పీల్చినప్పుడు పక్కగోడలు లోపలికి అతుక్కుపోతాయి. అప్పుడు దూలం నుంచో, చెవి నుంచో, ఒక్కోసారి పక్కటెముక నుంచో మృదులాస్థి తెచ్చి ఆ దారిని మళ్ళీ వెడల్పు చేయాలి. ఈసారి ఫోన్‌లో చెప్పేది అక్షరాలా నిజం: ఊపిరి ఆడడం లేదు వదినా. కానీ వదినగారు ఈ మాట ఒకసారి విని ఉన్నారు.

అసలు ఫోటోలోని ముక్కు సగం ఫోన్ కెమెరా చలవే. 12 అంగుళాల దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు 30 శాతం దాకా వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టారు. చేయి చాచి, మరొకరి చేతికి ఫోన్ ఇచ్చి, ఐదడుగుల దూరం నిలబడితే పైసా ఖర్చు లేకుండా ముక్కు తగ్గుతుంది. అయితే ఇంత చవకైన చికిత్సకు మన వాళ్ళలో గౌరవం ఉండదు.

ఇక మిగిలింది ముహూర్తం. ముక్కు మీది పట్టీ వారం రోజులలో తీసేస్తారు గాని, వాపు, ముఖ్యంగా కొన దగ్గరిది, పూర్తిగా దిగి అసలు రూపు తేలడానికి ఏడాది పడుతుంది. మాఘమాసంలో పెళ్ళి పెట్టుకుని మార్గశిరంలో ఆపరేషన్ చేయించుకునేవారికి ఆల్బమ్‌లో ఒక ముక్కు, మొదటి పెళ్ళిరోజుకు మరొక ముక్కు ఉంటాయి. అపార్థాలకు తావు లేకుండా, పెళ్ళి బయోడేటాలో గోత్రం, నక్షత్రం, ఎత్తు తరువాత దూలం అని ఒక గడి చేర్చి, వంకర, సరిచేయబడినది, వాపు దిగుచున్నది అనే మూడింటిలో ఒకదానికి టిక్కు పెట్టించాలని సంబంధాలు కుదిర్చే పెద్దలకు సవినయంగా మనవి చేశాను. వారు వెంటనే అంగీకరించారు, కాకపోతే ఆ గడి వధువు కాగితంలో మాత్రమే ఉంటుందట. వరుడు ఎంత గట్టిగా గురక పెడతాడన్నది పెళ్ళయ్యాక అమ్మాయి స్వయంగా తెలుసుకోవలసిన విషయమని వారి అభిప్రాయం.