నడుముకు పెట్టుకునే ఆ చిన్న పిస్టలు గురించి

ఆదివారం మా మేనల్లుడు జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు వచ్చినాడు. అన్నం తిన్నాక నన్ను పక్కకు పిలిచి ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. అరచేతిలో పట్టేంత పిస్టలు. "ముప్పై ఐదు వేలకు వచ్చాది మామా. తూటాలు కూడా ఇచ్చారంట. చేనికాడ గట్టు గొడవ ఎట్లుండాదో నీకు తెలుసు గదా" అన్నాడు. లైసెన్సు మాట ఎత్తితే తల దించుకున్నాడు.

నేను మిలిటరీలో ఆర్మరర్‌గా చేసి వచ్చినవాణ్ణి. తుపాకులు విప్పడం, బాగుచేయడం, బిగించడం, అదే నా ఉద్యోగం. ఆ పూట వాడి మీద అరిచేశాను గానీ చెప్పాల్సింది చెప్పలేదు. వాడి లాంటి పిల్లోళ్లు మన కడప జిల్లాలో ఇంకా ఉంటారు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు తూటా సంగతి. ఇలాంటి చిన్న పిస్టళ్లలో వాడే పాయింట్ 22 (అంగుళంలో 0.22 వంతు మందం) తూటాలో నిప్పు రాజేసే మందు అడుగున మధ్యలో ఉండదు, అంచు చుట్టూ ఉంటుంది. ఆ అంచులో ఒకచోట మందు సరిగా పరుచుకోలేదనుకోండి, ట్రిగ్గర్ నొక్కితే కొట్టే పిన్ను సరిగ్గా అక్కడే తగిలిందనుకోండి, టక్కుమంటుంది అంతే, పేలదు. ఎన్‌సీసీ ఫైరింగులో 22 రైఫిల్ పట్టుకున్న చాలామందికి ఈ మిస్‌ఫైర్ తెలిసే ఉంటుంది. అక్కడ పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడు, ఎదురుగా ఉన్నది అట్టముక్క. చేనిగట్టు మీద ఎదురుగా ఉండేది మనిషి. జేబు పిస్టళ్లకు అంచు మందు పనికిరాదనే 1905లో అమెరికా తుపాకుల డిజైనర్ జాన్ బ్రౌనింగ్ పాయింట్ 25 తూటాను మధ్యలో మందు పెట్టి తయారుచేశాడు. ఆయనదే అంతకుముందు 1899 నాటి పాయింట్ 32 ఉంది. దాని అడుగున సన్నటి అంచు కొంచెం బయటికి ఉంటుంది. తూటాలు పేర్చే పెట్టెలో, అంటే మ్యాగజైన్లో, పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి జారితే రెండూ బిగుసుకుంటాయి. గొడవ మధ్యలో వేళ్లతో లాగితే వచ్చేది కాదది.

ఇంక పిస్టలు. పెద్ద పిస్టళ్లలో పేలే క్షణంలో గొట్టమూ, దాని మీద వెనక్కీ ముందుకీ కదిలే స్లైడూ ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటాయి. ఇలాంటి చిన్నవాటిలో చాలావాటికి ఆ తాళం ఉండదు, స్లైడు బరువూ స్ప్రింగు బిగువూ, అంతే ఆధారం. చిన్న తూటాకు ఉండే బలమే తక్కువ. ఆ కాస్త బలంతోనే స్లైడు వెనక్కి పోవాలి, పేలిన తూటా ఖాళీ తొడుగును విసిరేయాలి, ముందుకొచ్చి కొత్త తూటా ఎక్కించాలి. మే నెలలో మన ఎండకు నడుము దగ్గర కారే చెమట, బండరాళ్ల దుమ్ము, ఎండి జిగురైపోయిన ఆయిల్ కలిస్తే స్లైడు సగంలో నిలబడిపోతుంది. ఒకాయన తన తండ్రి కాలం నాటి లైసెన్సు పిస్టలు ఒకసారి చూడమన్నాడు. మ్యాగజైన్ బయటికి తీస్తే తూటాల ఇత్తడి మీద పచ్చగా చిలుము. ఏళ్ల తరబడి నొక్కుకొని ఉండి స్ప్రింగుకు ఊపిరే లేదు. ఎన్నేళ్లుగానో ఆయన దాన్ని దిండు కింద పెట్టుకొని ధైర్యంగా నిద్రపోతున్నాడు! నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అది మంచి కంపెనీ సరుకు. మరి చౌక సరుకు? అమెరికాలో 1968 చట్టం చిన్న చౌక పిస్టళ్ల దిగుమతి ఆపేశాక, కాలిఫోర్నియాలో జింకు కలిపిన లోహాన్ని అచ్చుల్లో పోసి పాయింట్ 25వి, 22వి కుప్పలుగా చేశారు. అక్కడి బ్రైకో అనే కంపెనీ పిస్టలు ఒకదాన్ని ఖాళీ చేయాలంటే ముందు సేఫ్టీ తీయాల్సిందే. తూటా ఇరుక్కునే జబ్బును కప్పిపుచ్చడానికే డిజైన్ అలా మార్చారని కోర్టులో వాదించారు. 1994లో ఒక ఇంట్లో దాన్ని ఖాళీ చేయబోతే పేలి, ఏడేళ్ల పిల్లాడికి తగిలింది. ఆ బిడ్డకు మెడ కిందంతా చచ్చుబడిపోయింది. 2003లో జ్యూరీ తప్పు కంపెనీదీ ఉందని తేల్చింది, కంపెనీ దివాలా తీసింది. పిల్లాడు మాత్రం లేచి నడవలేదు.

అది కంపెనీ పేరుతో, బిల్లుతో అమ్మిన సరుకు. మా వాడికి చూపించిన దానికి పేరూ లేదు, బిల్లూ లేదు. దొంగ తుపాకులు చేసే బీహార్‌లోని ముంగేరు నుంచి వచ్చిందంటారు. గొట్టం ఏ ఇనుమో, ఎంత ఒత్తిడికి ఆగుతుందో అమ్మినవాడికే తెలీదు. తూటాలో మందు తక్కువైతే గుండు గొట్టం మధ్యలోనే ఆగిపోతుంది. చప్పుడు చిన్నగా వస్తుంది. పేలలేదనుకొని ఇంకోసారి నొక్కితే గొట్టం పట్టుకున్నోడి చేతిలోనే పగులుతుంది. కావాల్సినప్పుడు పేలదు, వద్దన్నప్పుడు పేలుతుంది. నడుముకు పెట్టుకొని కింద పడేసుకున్నా చాలు. అయినా చేతిలో ఉందన్న ధైర్యంతో, మామూలుగా వెనక్కి తగ్గాల్సిన చోట మనిషి ఒక అడుగు ముందుకేస్తాడు. నా భయమంతా ఆ అడుగు గురించే.

లైసెన్సు లేకుండా దొరికితే, 2019 సవరణ తర్వాత, తక్కువలో తక్కువ 2 ఏళ్లు, 5 ఏళ్ల దాకా జైలు. లైసెన్సున్నవాళ్లే ఎన్నికలొస్తే, పోలీసులు అడిగితే, తుపాకులు స్టేషన్లో అప్పజెప్పి రశీదు తీసుకుంటారు. వీడు ఎవరికి అప్పజెబుతాడు?

అబ్బీ, ఇది చదువుతావని తెలుసు. ఆ ముప్పై ఐదు వేలు అట్లే పెట్టు. సోమవారం పొద్దున్నే బస్సెక్కి వస్తా. ఇద్దరం పోయి సర్వేకు అర్జీ పెడదాం, ఆ గట్టుకు కొలత వేయించి రాళ్లు పాతిద్దాం. అవతలోళ్ల పెద్దాయనతో నేను మాట్లాడతా. వచ్చేలోపు ఆ ఫొటో పంపినోడి నంబరు ఫోన్లోంచి తీసేయ్.