తెర మీద గీత లేకపోతే ఆ ట్యూబ్ తీసేయాల్సిందే

నోరు తెరవమంటే రెండు వేళ్లు కూడా పట్టని మనుషులు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో ఏ మత్తు డాక్టర్‌నైనా అడగండి, చెప్తారు. ఏళ్ల తరబడి గుట్కా, వక్క బుగ్గన పెట్టీ పెట్టీ లోపల మెత్తగా ఉండాల్సిన పొర తోలు పట్టీలా బిగుసుకుపోతుంది, దవడ కిందికి దిగదు, మత్తు ఇచ్చినా దిగదు, ఊపిరి అందించడానికి నోట్లోంచి శ్వాసనాళంలోకి వేసే ట్యూబ్‌కి దారే ఉండదు. థియేటర్లో అయితే ముందు రోజే చూసుకుంటాం, ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం వేసుకుంటాం, సీనియర్‌ని పిలుచుకుంటాం. అదే మనిషి రాత్రి పదకొండింటికి హైవే మీద బైక్ మీంచి పడి, ముఖం పగిలి నోటినిండా రక్తంతో ఉంటే అతని దగ్గరికి ముందు వెళ్లేది మాలాంటి వాళ్లం కాదు, 108లో వచ్చే ఈఎంటీ, అంటే దారిలో అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్, తోడుగా ఒక పైలట్, అంటే బండి డ్రైవర్, అంతే.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ ఈఎంటీలకి క్లాసులు చెప్పేవాడిగా, వాళ్లు తెచ్చిన పేషెంట్లని క్యాజువాలిటీలో అందుకునేవాడిగా ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. కష్టమైన కేసుల్లో ట్యూబ్ సరిగ్గా పడాలంటే ట్రైనింగ్ పెంచాలి అంటారు అందరూ, నిజమే, కానీ ట్యూబ్ ఎక్కడ పడిందో చూపించే మిషను, పడనప్పుడు ఆపేసే స్వేచ్ఛ, ఈ రెండూ ఇవ్వకుండా చేతి పని ఒక్కటే నేర్పితే పేషెంట్‌కి ఒరిగేదేమీ లేదు.

ముందు మిషను సంగతి. గొంతులో రెండు దారులు పక్కపక్కనే ఉంటాయి, ఊపిరితిత్తులకి ఒకటి, పొట్టకి ఒకటి. రక్తం, వాంతి, వాపు ఉన్నప్పుడు ట్యూబ్ పొట్ట దారిలోకి పోవడం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా జరుగుతుంది, నాకూ జరిగింది. పోవడం కాదు ప్రాణం తీసేది, పోయిందని తెలియకపోవడం. స్టెత్ పెట్టి వింటే తెలుస్తుంది కదా అంటారు, సైరన్ మోగుతుంటే, ఇంజన్ అదురుతుంటే ఏం వినపడుతుంది, పైగా పొట్టలోకి పోయిన గాలి చప్పుడు ఛాతీ మీద కూడా ఊపిరి చప్పుడులాగే వినపడుతుంది. ట్యూబ్ లోపల ఆవిరి పట్టడం చూసి నమ్ముతారు, పొట్టలో ఉన్నా ఆవిరి పడుతుంది. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే, వేలికి పెట్టిన సాచురేషన్ క్లిప్ అయితే ముందు ఆక్సిజన్ బాగా ఇచ్చి ఉంటే నిమిషాల తరబడి మంచి నంబరే చూపించి ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది, అప్పటికి చేయి దాటిపోతుంది.

నమ్మదగ్గది ఒక్కటే, బయటికొచ్చే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ని గీతగా చూపించే క్యాప్నోగ్రఫీ. అమెరికాలో ఓర్లాండోలో 2001లో ఒక స్టడీ వచ్చింది, అంబులెన్సుల్లో ట్యూబ్ వేసి తెచ్చిన 108 మందిని ఆసుపత్రి గుమ్మంలోనే చెక్ చేస్తే 27 మందికి తప్పు చోట ఉంది, వాళ్లలో 18 మందికి అన్నవాహికలో. అంటే పాతిక శాతం. నాలుగేళ్ల తర్వాత, 2005లో, అక్కడే మళ్లీ చూస్తే, దారి పొడవునా క్యాప్నోగ్రఫీ వాడిన కేసుల్లో తప్పు చోట ఉండిపోయిన ట్యూబ్ ఒక్కటి కూడా లేదు, వాడని కేసుల్లో మాత్రం 23 శాతం. ఇంత తేడా చూపించే పరికరం వైద్యంలో అరుదు. బ్రిటన్‌లో మత్తు డాక్టర్లు "నో ట్రేస్, రాంగ్ ప్లేస్" అని ప్రచారమే నడిపారు. గుండె ఆగిపోయినవాళ్లకి గీత రాదులే అనే అపోహ మన దగ్గర ఇంకా ఉంది, సీపీఆర్ సరిగ్గా చేస్తుంటే చిన్నదైనా గీత వస్తుంది, బల్లపరుపుగా ఉందంటే వేరేది రుజువయ్యేదాకా తప్పు చోట ఉన్నట్టే లెక్క.

ఇక ఆపేసే స్వేచ్ఛ. కొన్నేళ్ల కింద ఒక ఈఎంటీ కుర్రాడు పురుగుమందు తాగిన రైతుని తెచ్చాడు, నోట్లోంచి నురగ కారుతూనే ఉంది, ఒక్కసారి ట్యూబ్ కోసం చూశాడు, కనపడలేదు, మానేసి నురగ లాగేసే సక్షన్ పైపు పెడుతూ, ముఖానికి మాస్క్, చేత్తో నొక్కి ఊపిరి పంపే అంబు బ్యాగ్‌తోనే నలభై నిమిషాలు నెట్టుకొచ్చాడు, సాచురేషన్ 95 ఉంది. మా దగ్గరున్న ఒక డాక్టర్ అతన్ని అందరి ముందూ "ట్యూబ్ కూడా వేయలేవా" అని అరిచాడు. ఆ కుర్రాడి వేళ్లు బ్యాగ్ నొక్కీ నొక్కీ వణుకుతున్నాయి. నేను అప్పుడు నోరెత్తలేదు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఆ రోజు సరైన పని చేసింది అతనే. అలా తిట్లు తిన్నవాడు తర్వాతి కేసులో నాలుక పక్కకి నెట్టి గొంతు చూపించే లారింగోస్కోప్ బ్లేడ్ నాలుగుసార్లు పెడతాడు, ప్రతిసారీ గొంతు ఇంకా వాస్తుంది, సాచురేషన్ ఇంకా పడుతుంది.

2018లో వచ్చిన రెండు పెద్ద ట్రయల్స్ కూడా ఆ కుర్రాడి పక్షానే ఉన్నాయి. గుండె ఆగినవాళ్ల మీద బ్రిటన్‌లో 9,296 మందితో చేసిన ఎయిర్‌వేస్-2లో, శ్వాసనాళంలోకి దిగకుండా గొంతు లోపల దాని గుమ్మం మీదే కూర్చునే ఐ-జెల్ వాడినా ట్యూబ్ వేసినా మంచిగా కోలుకున్నవాళ్లు దాదాపు సమానం, 6.4 శాతం, 6.8 శాతం. అమెరికాలో 3,004 మందితో చేసిన పార్ట్ ట్రయల్‌లో అయితే ఐ-జెల్ లాంటిదే అయిన లారింజియల్ ట్యూబ్ పెట్టినవాళ్లలో మూడు రోజులు బతికినవాళ్లు 18.3 శాతం, మామూలు ట్యూబ్ వేసినవాళ్లలో 15.4. దీన్ని చూసి ట్యూబే దండగ అనేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను, లోపం ట్యూబ్‌ది కాదు, చేతికి అలవాటు లేకపోవడానిది. పెన్సిల్వేనియాలో లెక్క తీస్తే కనీసం సగం మంది పారామెడిక్‌లకి, అంటే అక్కడి అంబులెన్స్ సిబ్బందికి, ఏడాదికి ఒక్క ట్యూబ్‌కి మించి వేసే అవకాశం రాలేదు, ఏడాదికోసారి చేసే పని ఎవరి చేతికీ ఒంటబట్టదు. పిల్లల విషయంలో అయితే లాస్ ఏంజెలెస్ వైపు 830 మంది మీద చేసిన స్టడీ 2000లోనే తేల్చింది, మాస్క్, బ్యాగ్‌తో తెచ్చినా ట్యూబ్ వేసి తెచ్చినా బతకడంలో తేడా లేదు.

మరి ట్యూబ్ వేయక తప్పని కేసులో మొదటి ప్రయత్నమే కలిసొచ్చేలా ఏం చేయాలి? తల పొజిషన్ అన్నిటికన్నా చవకైనది, అందరూ వదిలేసేదీ అదే. మెడకి దెబ్బ లేదని తెలిస్తే తల కింద దుప్పటి మడతపెట్టి చెవి రంధ్రం, ఛాతీ ఎముక పై గుంట ఒకే వరసలోకి వచ్చేదాకా లేపాలి, లావుగా ఉన్నవాళ్లకి రెండు మూడు దుప్పట్లు పడతాయి. మెడ దెబ్బ అనుమానముంటే మెడకి కట్టిన కాలర్ ముందు భాగం విప్పి ఇంకొకరు రెండు చేతులతో తల కదలకుండా పట్టుకోవాలి. ప్రయత్నం జరుగుతున్నంతసేపూ ముక్కుకి ఆక్సిజన్ నడుస్తూనే ఉండాలి, మన దేశంలో డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ 2016లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లోనూ ఇది ఉంది.

వాంతి, నురగ ఉన్న కేసుల్లో సక్షన్ పైపే ముందు వెళ్లాలి, బ్లేడ్ దాని వెనక. దీన్నే సలాడ్ టెక్నిక్ అంటారు, ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పారామెడిక్‌లకి బొమ్మ నోట్లో దొంగ వాంతి నింపి ఇది నేర్పిస్తే మొదటి ప్రయత్నంలోనే ట్యూబ్ పడటం 54 శాతం నుంచి 90కి పెరిగింది. పురుగుమందు కేసులు ఇన్ని చూసే మన జిల్లాల్లో ఈ ట్రైనింగ్ మొదటి వారంలోనే ఉండాలి.

బూజీ అని ఒక సన్నటి వంగే పుల్ల ఉంటుంది, గొంతు సగమే కనపడినప్పుడు ముందు అది పోనిచ్చి దాని మీదుగా ట్యూబ్ జార్చొచ్చు, శ్వాసనాళం రింగుల మీద అది తగులుతూ వెళ్తుంటే వేళ్లకి చిన్నచిన్న గతుకులు తెలుస్తాయి, ఆ స్పర్శ ఒకసారి తెలిసినవాడు మర్చిపోడు. మినియాపోలిస్‌లో ఒకే ఆసుపత్రిలో 2018లో కష్టమైన కేసుల్లో బూజీతో 96 శాతం మొదటిసారే పడింది, అది లేకుండా 82, కానీ తర్వాత 2021లో చాలా ఆసుపత్రుల్లో చేస్తే తేడా రాలేదు. మొదటి ఆసుపత్రిలో వాళ్లు రోజూ వాడతారు, రహస్యమంతా ఆ రోజూ వాడటంలోనే ఉందని నా నమ్మకం. బ్లేడ్ కొసన కెమెరా ఉండే వీడియో లారింగోస్కోప్ కూడా మంచిదే, 2023లో డివైస్ అనే ట్రయల్‌లో మొదటి ప్రయత్నం సక్సెస్ 85 శాతం, మామూలు బ్లేడ్‌తో 71, కాకపోతే అది ఆసుపత్రి లోపల, రోడ్డు మీద కెమెరాకి రక్తం అంటితే ఏమీ కనపడదు.

అందుకే ట్యూబ్ అవసరం పడే ప్రతి బండిలో గీత చూపించే క్యాప్నోగ్రఫీ పనిచేస్తూ ఉండాలి, ఐ-జెల్ 3, 4, 5 సైజులు చేతికందేలా ఉండాలి, ప్రతి ఈఎంటీకి ఏడాదిలో కొన్ని రోజులు దగ్గర్లోని ఏరియా ఆసుపత్రి థియేటర్లో మత్తు డాక్టర్ పక్కన నిలబడే డ్యూటీ వేయాలి. క్యాజువాలిటీలో పేషెంట్‌ని అప్పజెప్పేటప్పుడు ఎన్ని ప్రయత్నాలు, సాచురేషన్ ఎంత దాకా పడింది, గీత ఎంత ఉంది అని రాసివ్వాలి, మేం అది చదవాలి. ఒక్క ప్రయత్నంతో ఆపి మాస్క్‌తో తెచ్చినవాడిని మెచ్చుకోవాలి, బయటికి, అందరూ వినేలా.

ఇంకొకటి, బండి కదిలాక వెనక ఈఎంటీ ఒక్కడే ఉంటాడు. ఒక చేత్తో మాస్క్ బిగించి ఇంకో చేత్తో బ్యాగ్ నొక్కడం గడ్డం ఉన్నవాళ్లకి, పళ్లు లేని ముసలివాళ్లకి అసలు కుదరదు, గాలంతా పక్కల్నించి పోతుంది. కాబట్టి చేయాల్సింది బండి కదలకముందే ఇద్దరూ కలిసి చేసుకోవాలి. మొన్నటి క్లాసుకి నేను పైలట్లని కూడా రమ్మన్నాను. యాభై దాటిన ఒకాయన, ఎన్నో ఏళ్లుగా స్టీరింగ్ తప్ప ఇంకోటి పట్టలేదన్నాడు, బొమ్మ ముఖం మీద ఈఎంటీ రెండు చేతులా మాస్క్ బిగించి పట్టుకుంటే ఈయన ఆరు సెకన్లకోసారి పైకి లెక్కపెడుతూ బ్యాగ్ నొక్కాడు, ఛాతీ లేచింది. "ఇంతేనా సార్, ఇన్నాళ్లూ నేను బయట నిలబడి చూసేవాణ్ణి" అన్నాడు.