ఈ వయసులో క్లాసుకు రావడమేమిటి?

చదువుకు వయసుతో పనిలేదని సభల్లో మాట్లాడటం వేరు, అది నిజమని నమ్మి దరఖాస్తు పెట్టుకోవడం వేరు. మొదటిది సంస్కారం. రెండోది శాంతిభద్రతల సమస్య. లా కోర్సుల ప్రవేశపరీక్ష లాసెట్ ఫలితాలు వచ్చినప్పుడల్లా అరవై దాటినవాళ్లు కూడా పరీక్ష రాశారని పత్రికలు మురిసిపోతాయి. వాళ్లు ఆ తర్వాత ఏం చేస్తారో మాత్రం ఎవరూ రాయరు. కాబట్టి నేను రాయాల్సి వస్తోంది. వాళ్లు క్లాసుకు వస్తారు.

దీని తీవ్రత అర్థం కావాలంటే మన లా కాలేజీలు చాలావాటిలో ఉన్న ఏర్పాటు తెలియాలి. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం హాజరు 70 శాతం ఉండాలి. విద్యార్థి అడ్మిషన్ రోజు వస్తాడు, ఫీజు కట్టే రోజు వస్తాడు, హాల్‌టికెట్ రోజు తప్పకుండా వస్తాడు. మిగతా లోటును మాఫీ చేయడానికి కండొనేషన్ ఫీజు ఉంది. పిల్లలకు ఇబ్బంది లేదు, లెక్చరర్‌కు గొంతునొప్పి లేదు, కాలేజీకి నాలుగు రూపాయలు. ఇంత సామరస్యంగా నడుస్తున్న చోటికి ఒక రిటైర్డ్ ఉద్యోగి ఉదయం తొమ్మిదిన్నరకే టిఫిన్ డబ్బా, మంచినీళ్ల సీసా, బీపీ బిళ్లలతో వచ్చి మొదటి బెంచీలో కూర్చుంటే ఏమనాలి? క్లాసు తాళం తీయించాలి. తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవాలి. టైమ్‌టేబుల్ ప్రకారం ఇప్పుడు ఏ క్లాసు అని ఆయన అడిగితే, టైమ్‌టేబుల్ అనేదొకటి వేయాలి.

ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టినవాళ్లు లేకపోలేదు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో ఐదేళ్ల లాకు 20 ఏళ్లు, మూడేళ్ల లాకు 30 ఏళ్లు గరిష్ఠ వయోపరిమితిగా పెట్టారు. ఆ పరిమితి కొన్నాళ్లు ఉంది, కొన్నాళ్లు పోయింది, మళ్లీ వచ్చింది. చివరికి 2017లో సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. ముప్ఫై దాటినవాడికి బుర్ర పనిచేయదని ఇంట్లోవాళ్లందరికీ తెలిసినా కోర్టులో రుజువు చేయడం కష్టం కదా.

అయినా అడ్మిషన్ల విభాగం తన వంతు పోరాటం మానలేదు. నాకు తెలిసిన ఒక పెద్దమనిషి రెవెన్యూలో పనిచేసి అరవై ఒకటో ఏట రిటైరై, మూడేళ్ల లాలో చేరారు. ఆయన బీకాం 1984లో పూర్తయింది. కాబట్టి గ్యాప్ అఫిడవిట్ కావాలన్నారు. డిగ్రీకీ ఇప్పుడు చేరుతున్న కోర్సుకీ మధ్య ఈ నలభై ఏళ్లు తమరు ఎక్కడున్నారు, ఏం చేశారు, ఎందుకు చదవలేదు అని స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయించుకు రావాలి. నమూనాలో అందుకు రెండు లైన్ల జాగా ఉంది. ఉద్యోగం, పెళ్లి, ఇద్దరు పిల్లలు, ఇంటి లోను, షుగరు, తండ్రిగారి ఆసుపత్రి, కూతురి పెళ్లి అన్నీ అందులో పట్టాలి. ఆయన కాసేపు ఆలోచించి 'వ్యక్తిగత కారణాలు' అని రాశారు. నోటరీ గారు ముఖం కూడా చూడకుండా సీలు కొట్టారు.

అది పట్టుకెళ్తే కౌంటర్లో కుర్రాడు, ఇంకో కాగితం తక్కువైంది రేపు రండి అన్నాడట. ఈయన ముప్ఫై ఏళ్లు అర్జీదార్లకు చెప్పిన మాట అదే. కోపం రాలేదు సరికదా, ఆ 'రేపు రండి'లో మంచి పనితనం ఉందని, తలెత్తకుండా చెప్పడం ఇంకా బాగుందని మెచ్చుకుంటూ ఇంటికొచ్చారు.

తక్కువైన కాగితం ర్యాగింగ్ హామీ పత్రం. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం విద్యార్థితో పాటు తల్లిదండ్రులో సంరక్షకులో కూడా సంతకం పెట్టాలి. మావాడు తోటి విద్యార్థులను ఏడిపించడని, ఏడిపిస్తే చర్యలకు అభ్యంతరం లేదని. తండ్రి లేరు. ఎనభై నాలుగేళ్ల తల్లి ఉన్నారు. ఆవిడ కళ్లద్దాలు వెతికించుకుని, కాగితం ఎగాదిగా చూసి, "ఏరా, మళ్లీ ఏం చేసొచ్చావు?" అన్నారు. కంగారేం లేదమ్మా, సంతకం చాలు అంటే, "ఎనిమిదో తరగతిలో ప్రోగ్రెస్ కార్డు మీద మీ నాన్న సంతకం నువ్వే పెట్టుకున్నావుగా, ఇదీ పెట్టేసుకో" అని కాగితం తిరిగి ఇచ్చేశారు. ఇంత పాత నేర చరిత్ర ఉన్న వ్యక్తికి న్యాయశాస్త్రంలో సీటివ్వడం ఎంతవరకు సబబో పెద్దలు ఆలోచించాలి.

ఇక క్లాసు సంగతి. టార్ట్స్, అంటే ఒకరి తప్పుతో ఇంకొకరికి జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించే చట్టం చెప్పేటప్పుడు నత్త కేసు లేకుండా కుదరదు. 1928లో స్కాట్లండ్‌లోని పెయిజ్లీలో ఒకావిడ జింజర్ బీరు తాగుతుంటే సీసాలోంచి కుళ్లిన నత్త బయటపడిందని దావా వేసింది. సరుకు తయారుచేసేవాడికి, ఎక్కడో కూర్చుని దాన్ని వాడేవాడి పట్ల కూడా జాగ్రత్త వహించాల్సిన బాధ్యత ఉందని 1932లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. గైడులో ఇది అర పేజీ. లెక్చరర్ గారు అర పేజీ చదివి పుస్తకం మూయబోతుండగా మొదటి బెంచీ లేచి నిలబడింది.

"సార్, ఆ సీసాకు పంచనామా ఎవరు రాశారు?"

ప్రశ్న అక్కడితో ఆగలేదు. నత్తను సీజ్ చేశారా, సాక్షులు ఎవరు, అసలు నత్త ఉందని రుజువైందా? నిజం చెప్పాలంటే రుజువు కాలేదు. న్యాయసూత్రం వరకే లార్డ్స్ తేల్చారు. విచారణ మొదలుకాకముందే తయారీదారు చనిపోవడం, కేసు రాజీ కావడం జరిగిపోయాయి. దాదాపు వందేళ్లుగా ప్రపంచమంతా చదువుతున్న నత్త ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఇది గైడులో లేదు. గైడులో లేని విషయం క్లాసులో బయటపడితే లెక్చరర్‌కు ఎంత టెన్షనో ఆలోచించారా? ఆయనా మనిషే. పైగా చాలా చోట్ల గెస్ట్ లెక్చరరు, జీతం ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. మర్నాటి నుంచి ఆయన రాత్రిళ్లు చదువుకుని వస్తున్నాడని వినికిడి. ఒక్క ముసలాయన వల్ల ఇద్దరు చదువుకోవాల్సి రావడం అంటే ఇదే.

పాత జ్ఞానం వీళ్లకు పనికొస్తుందా అంటే అదీ లేదు. మా తరం పీనల్ కోడ్‌ను సినిమాల్లోనే నేర్చుకుంది. హత్య అంటే 302, మోసగాడంటే 420. 2024 జులై 1 నుంచి ఆ 511 సెక్షన్లూ పోయి 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష 103కి వెళ్లింది. ఎవరినైనా ఫోర్‌ట్వంటీ అని తిట్టాలనుకుంటే, చట్టప్రకారం 'ఒరేయ్ త్రీ ఎయిటీన్, సబ్ సెక్షన్ ఫోర్' అనాలి. అనేలోపు వాడు వెళ్లిపోతాడు.

ఇంటి మీద పడే ప్రభావం ఇంకా దారుణం. ఒప్పందాల చట్టం పాఠాల్లో బాల్‌ఫోర్ కేసు వస్తుంది. సిలోన్‌లో ఉద్యోగం చేసే భర్త, ఇంగ్లండులో ఉండిపోయిన భార్యకు నెలకు 30 పౌండ్లు పంపుతానని మాటిచ్చి ఎగ్గొట్టాడు. మొగుడూ పెళ్లాల మధ్య ఇలాంటి మాటలు కోర్టుకెక్కే ఒప్పందాలు కావని 1919లో తీర్పు వచ్చింది. మన పెద్దమనిషి ఆ సాయంత్రమే, పెన్షన్‌లోంచి నెలనెలా ఇస్తానన్న డబ్బు విషయంలో ఈ తీర్పును ఇంట్లో ఉటంకించారు. ఇంటావిడ ఏ లా కాలేజీకీ వెళ్లలేదు. "అయితే రేపటి నుంచి టిఫినూ ఒప్పందం కాదన్నమాట" అన్నారు. మర్నాడు ఈయన డబ్బా లేకుండానే క్లాసుకు వచ్చారు పాపం.

ఈ వయసుకు ప్రకృతి విధించిన పనులు వేరే ఉన్నాయి. కాలనీ సంక్షేమ సంఘం ఉంది, గుడి కమిటీ ఉంది, పొద్దున్నే అందరికీ పంపాల్సిన పువ్వుల బొమ్మలున్నాయి. అన్నిటికీ మించి అమెరికా ఉంది. విజిటర్ వీసా మీద వెళ్లి ఆర్నెల్లు బాలింతకు పత్యం వండటం, మనవడి డైపర్లు మార్చడం మన తెలుగు తల్లిదండ్రుల అప్రకటిత రాజ్యాంగ విధి. ఈయన డల్లాస్‌లోని కూతురితో, సెమిస్టర్ పరీక్షలయ్యాక వస్తానమ్మా అన్నారు! చుట్టాలందరూ నోళ్లు నొక్కుకున్నారు. డాక్టరు చెప్పిన తేదీకి మనవడు పుట్టాడు. యూనివర్సిటీ చెప్పిన తేదీకి పరీక్ష మాత్రం జరగలేదు. మనవడు బోర్లా పడ్డాడు, రివైజ్డ్ టైమ్‌టేబుల్ ఇంకా రాలేదు.

ఈ జబ్బుకు మూలం వెతికితే మన గడ్డ మీదే తేలుతుంది, సిగ్గుపడాలి. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని మనమే పెట్టుకున్నాం. ఇప్పుడది అంబేద్కర్ పేరు మీద ఉంది. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరండి, ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం క్లాసుకు రండి అన్నారు. కండక్టర్లు, కానిస్టేబుళ్లు, పిల్లల్ని బడికి పంపిన అమ్మలు నిజంగానే వచ్చేశారు. మొదటి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి గారు అంతటితో ఊరుకోక, 1985లో జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోకు కూడా మొదటి వైస్ చాన్సలరై దీన్ని దేశమంతా అంటించారు.

మగవాళ్లు చదివితే పోయేది టిఫిన్ డబ్బా ఒక్కటే. ఆడవాళ్లు చదివితే ఆస్తులు కదులుతాయి. అదే క్లాసులో యాభై దాటిన ఒకావిడ ఉన్నారు, పుట్టిల్లు గోదావరి జిల్లా. ఫ్యామిలీ లా చదువుతుండగా ఆమెకు రెండు సంగతులు కనిపించాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ చట్టం తెచ్చారు. కేంద్రం 2005లో ఇంకా ముందుకెళ్లింది, ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆవిడ పెళ్లి 1993లో అయింది. లెక్క వేసుకోవడానికి కాలిక్యులేటర్ అక్కర్లేదు.

సంక్రాంతికి పుట్టింటికి వెళ్తే తమ్ముళ్లు ఎప్పటిలాగే చీర పెట్టారు, బొబ్బట్లు పెట్టారు, కాలువ కింద పొలానికి సంబంధించి హక్కు విడుదల పత్రం కూడా పెట్టారు. ఊరికే ఫార్మాలిటీ అక్కా, ఇక్కడొక సంతకం అన్నారు. ఇదే అక్క పాతికేళ్లుగా ఏ కాగితం ఇచ్చినా కాఫీ చల్లారేలోపు సంతకం పెట్టేది. ఈసారి ఆవిడ కళ్లజోడు తీసి పెట్టుకుంది. మొదటి పేజీ చదివింది. రెండో పేజీ చదివింది. వెనక్కి తిప్పి సర్వే నంబర్లు కూడా చదివింది.

"ఈ వయసులో నీకెందుకక్కా ఈ టెన్షన్?" అన్నాడు చిన్న తమ్ముడు, ఎంతో ప్రేమగా.

ఆవిడ కాగితాన్ని మడిచి కాంట్రాక్ట్స్ పుస్తకంలో పెట్టుకుంది. సెమిస్టర్ పరీక్షలు కానివ్వండిరా, తీరిగ్గా చూసి చెప్తాను అంది. బస్సెక్కింది.

అక్క చదువు మీద తమ్ముళ్లకు ఇంతకుముందెన్నడూ లేని శ్రద్ధ మొదలైంది. పరీక్షలు ఎప్పుడని వారానికోసారి యూనివర్సిటీకి ఫోన్ చేసి కనుక్కుంటున్నారట. రేపు చెయ్యండి అంటున్నారట అవతల.