జింకకు మందు పెట్టే ముందు పెంటికలు చూడండి

పోయిన వారం చెన్నైలో గిండీ ఉద్యానం దగ్గరి వేళచ్చేరి నుంచి మా పాఠకురాలొకరు ఒక ఫొటో పంపారు. గోడ పక్కన చెత్తకుండీ దగ్గర నిలబడ్డ చుక్కల జింక, ఆడది. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయి, తోక కింద వెంట్రుకలు అట్టకట్టాయి, చెవి మడతలో పెసరగింజల్లా పిడుదులు. "దీనికి తిండి పెట్టమంటారా, ఎవరికైనా చెప్పమంటారా?" అని అడిగారామె. నెల్లూరు జిల్లాలో చిన్నప్పుడు గొర్రెలు కాసిన పెద్దాయన ఒకరు మా ఆఫీసులో ఉన్నారు. ఫొటో చూసి ఆయన, "నట్టలు పడ్డట్టున్నాయి. కనురెప్ప తిప్పి చూస్తే పాలిపోయి ఉంటది" అన్నారు. నట్టలంటే కడుపులో చేరే పురుగులు.

కావచ్చు, కాకపోనూవచ్చు. పిల్లకు పాలిచ్చే తల్లి కూడా ఎండల్లో ఇలాగే చిక్కిపోతుంది, పళ్లు అరిగిన ముసలిదీ అంతే. కానీ ఏటా వానలు వెళ్లిపోయి గడ్డి ఎండగానే ఇలాంటి ఫొటోలు వస్తూనే ఉంటాయి, మనం అయ్యో అనుకుని ఇంట్లో మిగిలిన అన్నమో బ్రెడ్డో గోడ అవతలికి విసిరేస్తాం, లేదా అన్నిటికీ నట్టల మందు వేయాలని డిమాండ్ చేస్తాం. రెండూ తప్పే అని మేం అనుకుంటున్నాం.

గొర్రెల్లోనూ జింకల్లోనూ నాలుగో పొట్టలో చేరి రక్తం తాగే హీమాంకస్ అనే పురుగు ఉంది. ఒక్కో పురుగు రోజుకు తాగేది మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. అంతేనా అనిపిస్తుంది, కానీ వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు, అంటే అర టీ గ్లాసు రక్తం. ఆడపురుగు రోజుకు 5,000కు పైగా గుడ్లు పెట్టగలదు. అవి పెంటికలతో బయటపడి, తడి ఉంటే పిల్లపురుగులై గడ్డి మీదికి పాకి, మేసే జింక కడుపులోకి మళ్లీ చేరతాయి. రక్తంలో మాంసకృత్తులు బాగా తగ్గిపోతే దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. గొర్రెల కాపరులకు ఇది బాగా తెలిసిన గుర్తు, కాలేయంలో పురుగు చేరే జలగ వ్యాధిలోనూ కనిపిస్తుంది.

చలి దేశాల్లో ఇది శీతాకాలం చివర బయటపడుతుంది. మంచు కింద మేత దొరక్క ఒంట్లో కొవ్వు కరిగిపోయి, చివరికి ఎముక మూలుగలో కొవ్వు కూడా అయిపోయే సమయానికి, కడుపులో నిద్రపోయిన పిల్లపురుగులు లేస్తాయి. ఉత్తర అమెరికాలో మూస్ అనే భారీ జింక మీద ఒక్క శీతాకాలంలో పదివేలకు పైగా పిడుదులు పట్టిన సందర్భాలున్నాయి. గోక్కుని గోక్కుని వెంట్రుకలన్నీ ఊడిపోతాయి పాపం. మన చెన్నైకి మంచు లేదు, ఎండే మన శీతాకాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పచ్చగడ్డితో పాటు పురుగునూ మింగిన జింకకు, మేత ఉన్నన్నాళ్లూ ఆ నష్టం పెద్దగా తెలియదు. మేత అయిపోయాక తెలుస్తుంది.

గిండీ జాతీయ ఉద్యానం మొత్తం 270 హెక్టార్లు, చుట్టూ రోడ్లూ గోడలూ. ఒకప్పటి అడవిలోంచే గవర్నర్ బంగళా వచ్చింది, 1959లో ఐఐటీ వచ్చింది. తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల జింకా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకా పక్కపక్కన మేసే చోటు ఈ మహానగరం మధ్యలో ఉందంటే మనకు గర్వమే. కానీ వాటికి వలసపోయే దారి లేదు. ఉన్న కొద్ది చోటులో మేసి, అక్కడే పెంటికలు వేసి, మళ్లీ అక్కడే మేయాలి. ఎండాకాలంలో తడి మిగిలేది నీటి గుంటల చుట్టూనే కాబట్టి జింకలన్నీ అక్కడే గుమిగూడతాయి, పురుగుకు కావాల్సిందీ అదే. మనం విసిరే అన్నం ఇంకో గుంపును తయారు చేస్తుంది. పైగా పిండి పదార్థం ఎక్కువైతే నెమరువేసే జంతువు పొట్ట పులిసిపోతుంది, అన్నంతో పాటు విసిరిన ప్లాస్టిక్ కవరు కూడా మింగితే అది ఇక బయటికి రాదు.

మందు సంగతికొస్తే, కాపరి ప్రతి గొర్రెనూ పట్టుకుని బరువు చూసి తాగిస్తాడు. అడవి జింకకు ఉప్పుగడ్డలో కలిపి పెడితే బలమున్న మగవి నెట్టుకొచ్చి నాకుతాయి, ఆ ఫొటోలోని జింకలాంటివి దూరంగా నిలబడతాయి. అరకొర మోతాదుకు చావని పురుగు మందుకు అలవాటు పడుతుంది. గొర్రెల మందల్లో ఈ సమస్య ఇప్పటికే తీవ్రంగా ఉంది.

అందుకే అటవీ శాఖను మేం అడిగేది చాలా మామూలు పని. జనవరి నుంచి జూన్ దాకా నెలకోసారి తాజా పెంటికలు ఏరి, గ్రాముకు ఎన్ని గుడ్లున్నాయో మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాలి. ఎన్ని జింకలకు ఎముకలు తేలాయో దూరం నుంచే చూసి రాసుకోవాలి. చనిపోయిన ప్రతి జింక పొట్టలో ఏముందో జనానికి చెప్పాలి. 1903 నుంచి పశువైద్య కళాశాల ఉన్న ఊరికి ఇది కష్టమైన పనేమీ కాదు. ఆ లెక్కలు గిండీ ఉద్యానం పక్కనున్న చిల్డ్రన్స్ పార్క్ గేటు దగ్గర బోర్డు మీద తమిళంలో, ఇంగ్లిష్‌లో, కుదిరితే తెలుగులో పెట్టండి. మందు వేయాలా, గడ్డి పెంచాలా, గుంటలు శుభ్రం చేయాలా అన్నది ఆ లెక్కలు చూశాకే తేల్చాలి.

ఆ పాఠకురాలికి మేం చెప్పింది కూడా ఇంతే. ఏమీ వేయకండమ్మా, కుండీకి మూత పెట్టించండి, జింక మళ్లీ కనబడితే తేదీ వేసి ఫొటో తీయండి అన్నాం. నిన్న రెండో ఫొటో వచ్చింది. అదే జింక, అదే గోడ. ఈసారి దవడ కింద చిన్న సంచిలా వాపు కనిపిస్తోంది. రెండు ఫొటోలూ అటవీ శాఖకు పంపించాం.