నాలుగోవాడు ఫారం నింపలేదు

ఆన్‌లైన్ కోర్సులో గ్రూప్ ప్రాజెక్టు అంటే నలుగురి పేర్లు, ముగ్గురి పని. నాలుగోవాడు కెమెరా ఆఫ్‌లో, మైకు మ్యూట్‌లో తపస్సు చేసుకుంటూ ఉంటాడు. గడువు రోజు రాత్రి పదకొండున్నరకి దిగబడి, శీర్షికకి రంగు మార్చి, "సూపర్ టీమ్" అని మెసేజ్ పెట్టి మాయమవుతాడు. తాడు లాగేవాళ్ల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరూ పెట్టే బలం తగ్గుతుందని 1913లోనే మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు లెక్కలతో సహా అచ్చువేశాడు. అదృష్టవంతుడు. ఆయన మనుషులు కనీసం కళ్లముందు ఉన్నారు.

మార్కులు వేయాల్సిన మేడం ముందుగా డాక్యుమెంటు ఎడిట్ హిస్టరీ తెరుస్తారు. నాలుగోవాడి పేరుమీద 112 మార్పులు! అన్నీ కామాలూ ఖాళీ లైన్లూ. 2,000 పదాలు రాసిన అమ్మాయి పేరుమీద ఒక్కటే మార్పు. పాపం, వేరే ఫైల్లో రాసుకుని ఒకేసారి పేస్టు చేసింది మరి. మీటలు ఎవరు నొక్కారో హిస్టరీకి తెలుసు, బుర్ర ఎవరు పెట్టారో తెలీదు.

పోనీ పిల్లల్నే అడుగుదామని, ఒకరికొకరు 5కి మార్కులు వేసుకునే ఫారం పంపుతారు. అందరూ అందరికీ 5. నాలుగోవాడికీ 5. మొహమాటం! (తనకు తాను 5 వేసుకోవడానికి వాడికి మాత్రం అది అడ్డురాలేదు.)

దీనికో మందుంది. తలా 30 పాయింట్లిచ్చి, తమను వదిలేసి మిగతా ముగ్గురికీ పంచమనాలి. ఒకరికి పెంచాలంటే ఇంకొకరికి కోయక తప్పదు. ఎవరు ఎంతిచ్చారో బయటపెట్టకూడదు. ఒక్కొక్కరికి వచ్చిన మొత్తాన్ని 30తో భాగించి, దాంతో గ్రూపు మార్కును హెచ్చవేయాలి. గ్రూపు మార్కు 60 అనుకుందాం. పనిచేసిన ముగ్గురూ ఒకరికొకరు 13, నాలుగోవాడికి 4 ఇచ్చారు. వాడు ముగ్గురికీ తలా 10 ఇస్తే, పనిచేసినవాళ్లకి 36 పాయింట్లు, అంటే 72 మార్కులు. వాడికి 12 పాయింట్లు, 24 మార్కులు.

కాయితం మీద ఎంత చక్కగా ఉందో! కానీ ప్రాజెక్టు చేయనివాడు ఫారం మాత్రం ఎందుకు నింపుతాడు? వాడివ్వాల్సిన 10 రాక, ముగ్గురూ 26 దగ్గర ఆగి, 52 మార్కులతో సరిపెట్టుకున్నారు. వాడి 24 మాత్రం చెక్కుచెదరలేదు. కాలు కదపకుండా తలా 20 మార్కులు కోసేశాడు. టర్మ్ మొత్తానికి వాడు సాధించినది ఇదొక్కటే.

అందుకే ఫారం ఇవ్వనివాడు అందరికీ సమానంగా 10 ఇచ్చినట్టు రాసుకోవాలి. అప్పుడు 72 వెనక్కొస్తుంది. టర్మ్ మధ్యలో మార్కుల్లో కలపని ట్రయల్ ఫారం ఒకటి పెడితే, ఇలాంటివాళ్లు ముందే బయటపడతారు. చివర్లో ఒక్కొక్కరికీ ఐదు నిమిషాల వైవా ఉండాలి, అదీ పక్కవాళ్లు రాసిన భాగం మీద.

"రెండో పట్టికలో అంకెలు ఎక్కణ్ణించి వచ్చాయి, బాబూ?"

"మేడం, మీ వాయిస్ కట్ అవుతోంది మేడం."

అదే ప్రశ్న చాట్‌లో టైపు చేసి చూడండి. వాడి నెట్టే పోతుంది.