పెట్టెకు కాపలా ఎవరు?

క్యాన్సర్ మందుకు మర్యాద తెలియదు. కణితి సంగతి చూడమని డాక్సోరుబిసిన్‌ను నరంలోకి ఎక్కిస్తే, దారిలో జుట్టు కుదుళ్లను పలకరించి, గుండెను కూడా గిల్లి మరీ వెళుతుంది. అందుకని మందును పెట్టెలో పెట్టి, తాళం వేసి పంపాలని పెద్దలు తీర్మానించారు. పెట్టె దేనితో? డీఎన్‌ఏతో! తాతల ముక్కూ మొహమూ మోసుకొచ్చే డీఎన్‌ఏ చేత ఇప్పుడు సామాన్లు కూడా మోయిస్తున్నారన్నమాట.

డీఎన్‌ఏ పోగును మడిచి కావలసిన ఆకారం తెప్పించే ఈ మడతల విద్యను 2006లో అమెరికాలోని కాల్‌టెక్ విద్యాసంస్థలో పాల్ రోథెమండ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఓ వైరస్ నుంచి ఏడు వేల పైచిలుకు డీఎన్‌ఏ అక్షరాల పొడవాటి పోగు తీసుకుని, దాన్ని అక్కడక్కడా పట్టి ఉంచడానికి 200కు పైగా చిట్టి పోగులు కలిపి, వేడి చేసి మెల్లగా చల్లార్చాడు. దానంతట అదే మడతపడింది. దుప్పటి మడవడానికి మా ఇంట్లో ఇద్దరం కావాలి, అదీ గొడవ పడకుండా కాదు. ఇంతటి విద్యతో ఆయన చేసిన బొమ్మల్లో ఒకటి, వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు ఉండే నవ్వుముఖం!

2009లో డెన్మార్క్ వాళ్లు మూత ఉన్న పెట్టె చేశారు. 2012లో హార్వర్డ్ వాళ్లు పీపా చేసి, రెండు తాళాలు బిగించారు. కణం మీద సరైన గుర్తులు కనబడితేనే అది తెరుచుకుంటుంది. 2018లో చుట్టిన డీఎన్‌ఏ గొట్టం ఎలుకల్లో కణితి రక్తనాళాల దాకా వెళ్లి, లోపల దాచిన త్రాంబిన్ అనే ఎంజైమును బయటపెట్టి, నెత్తురు గడ్డకట్టించి కణితికి సరఫరా ఆపేసింది. ఇక్కడ మాత్రం వెటకారం పక్కనపెట్టి చప్పట్లు కొట్టాను.

అసలు టెన్షన్ పెట్టెతోనే. డీఎన్‌ఏ పోగులన్నీ ఋణావేశంవే, పక్కపక్కన పెడితే తోసుకుంటాయి. మధ్యవర్తిగా మెగ్నీషియం ఉండాలి. ల్యాబ్‌లో సాధారణంగా 10 మిల్లీమోలార్లో (అది గాఢత కొలత), ఇంకా ఎక్కువో పోస్తారు, రక్తంలో ఉండేది ఒకటికి అటూ ఇటూ. దానికి తోడు, విడి డీఎన్‌ఏ కనబడితే కొరికి పారేసే ఎంజైములు ఒంట్లో డ్యూటీలోనే ఉంటాయి. మందును కాపాడాల్సిన పెట్టెకే ప్రాణభయం!

దాంతో పెట్టెకు పీఈజీ అనే పాలిమర్ కోటు తొడిగారు. కొవ్వు పొర కప్పి చూసినవాళ్లూ ఉన్నారు. తీరా చూస్తే, కొందరి ఒంట్లో ఆ పీఈజీని గుర్తుపట్టే యాంటీబాడీలు ముందే ఉంటాయి. ఇక కోటుకు ఓ గొడుగు పట్టాలి. దానికి నా ఓటు మళ్లీ డీఎన్‌ఏకే. గొడుగంటే మడిచేదే కదా!