అంచున కూర్చున్న మావయ్యగారు

పొద్దున్నే మా ఆవిడ నన్ను అడిగే మొదటి ప్రశ్న, "రాత్రి ఎన్నిసార్లు పొర్లారో తెలుసా?" అని. నాకెలా తెలుస్తుంది, నిద్రపోతున్నవాణ్ణి. ఆవిడ మాత్రం లెక్కపెట్టుకునే ఉంటుంది. మొన్న మంగళవారం పదిహేడు.

తప్పు నాది కాదు, పరుపుది. బెంగళూరు మారతహళ్లిలో అద్దెకు దిగిన కొత్తలో, ఇల్లు ఖాళీ చేసి పోతున్న ఓ కుర్రాడి దగ్గర 3,000కి కొన్న స్ప్రింగ్ పరుపు అది. నేను ఎడమకి ఒత్తిగిల్లితే ఆవిడ కుడివైపున ఓ అంగుళం లేచేది. అర్ధరాత్రి నేను మంచినీళ్లకు లేస్తే ఆవిడ గోదావరిలో పడవెక్కినట్టు ఊగేది. ఓ ఆదివారం తేల్చి చెప్పేసింది. "పరుపు మారుస్తారా, నన్ను హాల్లోకి మారుస్తారా?"

హాల్లో దోమలెక్కువ. పరుపే మార్చాలనుకున్నాం. బడ్జెట్ 15,000. పైసా దాటేది లేదు.

నేను ఏ వస్తువు కొన్నా ముందు ఎక్సెల్ షీట్ తెరుస్తాను. మా పెళ్లిచూపులకి కూడా తెరిచానని మా ఆవిడ ఇప్పటికీ బంధువులందరికీ చెబుతుంటుంది. వారం రోజులు ఆఫీసు పని పక్కనపెట్టి చదివితే తేలిందేమిటంటే, మా పాత పరుపులోది బొన్నెల్ రకం. స్ప్రింగులన్నీ తీగలతో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. అచ్చం ఉమ్మడి కుటుంబం. వంటింట్లో ఒకరు గిన్నె విసిరితే వీధి అరుగు మీద ఉన్నవాడు ఉలిక్కిపడతాడు. పాకెట్ స్ప్రింగ్ అలా కాదు. ప్రతి స్ప్రింగునీ విడిగా ఓ గుడ్డ సంచిలో పెట్టి కుడతారు. వేరు కాపురం అన్నమాట. బరువు పడ్డ స్ప్రింగే కుంగుతుంది, పక్కింటికి సంబంధం లేదు. కెనడాలో జేమ్స్ మార్షల్ అనే ఆయన 1900 ప్రాంతంలోనే వీటిచేత వేరు కాపురం పెట్టించాడట. ఆ సంగతి మా పడగ్గది దాకా రావడానికి నూట పాతికేళ్లు పట్టింది.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఓ షాపుకి వెళ్లాం. నేను వేళ్లతో పరుపు నొక్కి చూస్తుంటే సేల్స్ కుర్రాడొచ్చి కన్నడంలో "మలగి నోడి సార్" అన్నాడు. మా తెలుగు చెవిన పడగానే మదనపల్లెకి మారిపోయాడు. "పండుకోని చూడండి సార్. చేత్తో నొక్కితే ఏం తెలుస్తాది? మీరు పక్కకి తిరిగి పండుకుంటారా, ఎల్లకిలా పండుకుంటారా?"

"పొర్లుతూ" అంది మా ఆవిడ.

చెప్పులు విడిచి పడుకున్నాను. పది నిమిషాలైనా పడుకుంటేనే భుజం దగ్గర, తుంటి దగ్గర ఒత్తుతుందో లేదో తెలుస్తుందని చదివాను మరి. చిక్కేమిటంటే ఆ పరుపు వేసింది అద్దాల గోడ పక్కన. బయట సిగ్నల్ దగ్గర 500డి బస్సు ఆగింది. కిటికీ పక్కనున్న పెద్దావిడ నన్నే చూస్తోంది, ఆస్పత్రిలో పేషెంటుని చూసినంత జాలిగా. ఏం చేయాలో తోచక కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. ఆ పరుపు ఖరీదు 62,000 అని చెప్పి మా ఆవిడ నన్ను లేపింది.

ఆ తర్వాత కుర్రాడు నాసా దాకా వెళ్లాడు. "ఈ మెమరీ ఫోము 1966లో నాసా వాళ్లు చేయించినది సార్." ఇస్రో ఉన్న ఊళ్లో నాసా పేరు చెప్పి పరుపులమ్ముతున్నాడు, ధైర్యం అంటే అదీ. నేను తగ్గలేదు. నా షీట్ తీసి స్ప్రింగ్ తీగ గేజ్, అంటే మందం చెప్పే నంబరు, అడిగాను. 15 గేజ్ దానికి నేను ఎక్కువ మార్కులు వేసుకున్నాను, 13 దానికి తక్కువ. అతను షీట్‌లోకి తొంగిచూసి, నొచ్చుకుంటానేమోనని మెల్లగా అన్నాడు. "గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడతాది సార్."

నా షీట్‌లో ఫస్టు వచ్చిన పరుపు లాస్టుకి వెళ్లింది. మా ఆవిడ నవ్వలేదు. ఇంటికెళ్లాక నవ్వుతుంది.

చివరికి ఒకటి నచ్చింది. 78 అంగుళాలకి 60, ఎనిమిది అంగుళాల మందం, మా మంచానికి సరిపోతుంది. కుర్రాడు దానిమీద నీళ్ల గ్లాసు పెట్టి అవతలివైపు మోకాలితో గుద్దాడు. నీళ్లు తొణకలేదు. నాకు కళ్లు చెమర్చాయి. ధర 14,500. వేరేచోట 20,000 పైన ఉంది కదా, ఇక్కడ ఎక్కడ తగ్గించారని అడిగాను. అడగడం వరకు నేను గట్టివాణ్ణే.

"స్ప్రింగుల్లో తగ్గించలే సార్. పైన ఫోము కూడా 32 డెన్సిటీ. చుట్టూ అంచుకి గట్టి ఫోము గోడ ఉంటాది చూడండి, దీనికది ఉండదు. అయినా పండుకునేది మధ్యలోనే కదా?"

నిజమే కదా, అంచున ఎవరు పడుకుంటారు? సంతకం పెట్టేశాను. మనుషులు మంచం మీద పడుకోవడమే కాదు, కూర్చుంటారు కూడా అన్న సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

పరుపొచ్చింది. లిఫ్టులో పట్టలేదు. తెచ్చిన ఇద్దరూ "లిఫ్టల్లి ఆగల్ల సార్" అని మూడో అంతస్తు దాకా మెట్ల మీద మోశారు, దానికి వేరే 400. ఆ రాత్రి మా ఆవిడ లెక్క సున్నా. పది రోజులు మా సంసారంలో పొద్దుటి ప్రశ్న లేదు.

పదకొండో రోజు ఒంగోలు నుంచి మావయ్యగారు దిగారు. స్నానం చేసి, పంచె కట్టుకుని, ఫిల్టర్ కాఫీ గ్లాసుతో మా గదిలోకొచ్చి పరుపుని చూశారు.

"ఎంతయిందయ్యా?"

చెప్పాను.

"బూరుగుదూది పరుపు కుట్టించుకోలేకపోయారా? రెండేళ్లకోసారి దూది ఏకిస్తే మళ్లీ కొత్తదే."

నాలోని సేల్స్‌మన్ మేలుకున్నాడు. స్ప్రింగుల వేరు కాపురం కథ చెప్పి, ఆయన చేతిలోని గ్లాసు తీసుకుని, కాళ్లవైపు, మా ఆవిడ పడుకునే పక్కన, పరుపు మీద పెట్టాను. నా వైపు నుంచి ఎక్కి పొర్లాను. ఒకటి, రెండు, మూడు. కాఫీ మీది నురగ కూడా చెదరలేదు.

"అరెరె!" అన్నారు మావయ్యగారు. ఆయన నన్ను మెచ్చుకున్నట్టు మాట్లాడటం ఆరేళ్లలో అదే మొదటిసారి. ఆ సంబరంతో, నురగని దగ్గర్నుంచి చూద్దామని, గ్లాసు పక్కనే అంచున కూర్చున్నారు.

అంచు కుంగింది. ఆయన జారారు. వేగంగా కాదు, చాలా మర్యాదగా, బస్సు దిగుతున్నట్టు. పోతూ పోతూ ఊతం కోసం దుప్పటి పట్టుకున్నారు. దుప్పటి ఆయనతో వెళ్లింది, గ్లాసు మాత్రం అక్కడే బోర్లాపడింది. కాఫీ పరుపు మీది కుట్టు గాడి పట్టుకుని మెల్లగా పాకుతూ, ఒక్కో డైమండు గడి చుట్టూ తిరిగి, తీరిగ్గా లోపలికి ఇంకిపోయింది. ఆయన్ని లేపాలా, కాఫీ తుడవాలా అని నేనొక క్షణం ఆలోచించాను. ఆ క్షణాన్ని మా ఆవిడ గుమ్మంలోంచి చూసింది.

"దెబ్బ తగల్లేదులే" అన్నారు మావయ్యగారు నేల మీద పంచె సర్దుకుంటూ. "స్ప్రింగుల వేరు కాపురం బాగానే ఉంది గానీ, ఇంటికి ప్రహరీగోడ కట్టించలేదా అల్లుడూ?"

వారంటీ కార్డు తీశాను. పదేళ్లు. కింద సన్నటి అక్షరాల్లో, మరకలు పడితే వర్తించదని. తిరగేద్దామా అంటే కుదరదు, మెత్తటి ఫోము పైవైపే ఉంది, అడుగున లేదు. చెయ్యగలిగిందల్లా తలవైపుని కాళ్లవైపుకి తిప్పడం. మూణ్ణెల్లకోసారి ఎలాగూ అలా తిప్పమన్నాడు కదా షాపు కుర్రాడు అని మా ఆవిడే గుర్తుచేసింది. తిప్పాం. ఆవిడ కాళ్ల దగ్గరున్న మరక నా తల కిందికొచ్చింది. ఆవిడకి ఆ లెక్క ముందే తెలుసని నా అనుమానం.

రాత్రంతా ముక్కులో ఫిల్టర్ కాఫీ వాసన. చిక్కటి డికాక్షను. కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తూ పడుకున్నాను.

"బంగారం లాంటి పరుపండీ" అంది మా ఆవిడ పొద్దున్నే ఒళ్లు విరుచుకుంటూ. "రాత్రి మీరు ఒక్కసారి కూడా పొర్లలేదు."